పారాచూట్ మడతలో తప్పిన ధ్యాస

పారాచూట్లు మడిచే ఉద్యోగం ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది కోల్‌కతా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో మా పక్కింటి పోలమ్మత్త. “పెద్ద గొడుగులు మడతెట్టే పనంట. నీ సేతికి బాగుంటాది,” అంది. ఇంట్లో అమ్మ దగ్గర నేర్చిన కుట్టుపని, నాలుగు అక్షరాలు తప్ప నాకు వేరే చదువు లేదు. భగవంతుడి దయ, పదిహేనేళ్ల కిందట ఆ చలికాలంలోనే కోల్‌కతా శివార్లలో ఒక స్కైడైవింగ్ క్లబ్బులో ప్యాకర్‌గా చేరాను.

మా పైఅధికారి చీఫ్ ప్యాకర్ సునీల్ దా, అంటే సునీల్ అన్న. మడతకు ఒక వరుస ఉంటుంది. ముందుగా బయటికొచ్చి పెద్ద పారాచూట్‌ను లాగేది ఒక చిన్న పారాచూట్. దాని లోపలి తాడు బిగించకపోతే అది సరిగా విచ్చుకోదు, పెద్దది బయటికి రాదు. అంతా అయ్యాక ప్యాకర్ రిజిస్టర్‌లో సంతకం చేయాలి.

రెండో ఏడు ఒక ఆదివారం కోల్‌కతాలోని సాల్ట్ లేక్ నుంచి రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు కామేశ్వరరావు గారు, ఆయన కూతురు సుధ వచ్చారు. ఇద్దరూ చెరో శిక్షకుడికి కట్టుకుని దూకాలి. సుధకు కాలు నిలవడం లేదు. ఆయన ముఖం పాలిపోయింది.

“మెట్లు దిగడానికే రైలింగ్ పట్టుకుంటారు మా నాన్న,” అని నవ్వింది.

“నువ్వు దూకమ్మా, నేను కిందనుంచి చేతులూపుతాను,” అన్నారాయన. అయినా కూతురి వెంట బయల్దేరారు.

వాళ్లు విమానం వైపు నడుస్తుంటే నాకు ఒక అనుమానం వచ్చింది. మడత పెడుతూ రామనామం చెప్పుకోవడం నా అలవాటు. ఆ ఉదయం నామంలో పడి, కామేశ్వరరావు గారి శిక్షకుడి పారాచూట్‌కు తాడు బిగించానో లేదో గుర్తు రాలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. అయినా పరుగెత్తి సునీల్ దాకు చెప్పాను.

ఆయన విమానం ఆపించి, తీసి చూశారు. తాడు బిగించే ఉంది.

“సరిగానే ఉంది కద దాదా,” అన్నాను.

“సరిగా ఉంటే చాలదు బౌదీ. ఉందని మీకు తెలిసుండాలి,” అన్నారు బెంగాలీలో, ఎప్పటిలాగే వదినా అని పిలుస్తూ. మొత్తం విప్పించి, మళ్లీ నాచేతే మడతపెట్టించారు. రిజిస్టర్‌లో నా పొరపాటు రాసి, పర్యవేక్షణ తనదేనని కింద తన సంతకమూ పెట్టారు. నా ఉద్యోగం నిలిచింది.

సుధ హెల్మెట్ తీసేసింది. “నేను దూకను. ఇంటికెళ్దాం నాన్నా.”

“నేను దూకుతానమ్మా,” అన్నారాయన.

“ఇప్పుడా?”

“ఎవరూ అడక్కుండానే తప్పు చెప్పుకున్న మనిషి మడిచింది. ఇంకేం కావాలి?”

కిందికి దిగాక ఆయన గడ్డి మీద చాలాసేపు కూర్చున్నారు. భయం పోయిందా అని అడిగాను.

“లేదమ్మా, ఉంది. పైన కాసేపు దాని మాట నేను వినలేదు, అంతే.”

అప్పటినుంచి పని మానేదాకా, రాముడికి దండం మొదటి మడతకు ముందు ఒకసారి, సంతకం తరవాత ఒకసారి పెట్టుకున్నాను. మధ్యలో చేతులు చేస్తున్న పనినే పైకి చెప్పుకున్నాను. నేను నేర్చింది ఇదే. సునీల్ దా ఇప్పుడు లేరు. దూకిన వాళ్లలో ఎక్కువమందికి ఆయన పేరు కూడా తెలియదు. చదివినవారు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.