మావయ్య బీపీకి నేనిచ్చిన ఇరవై ఒక్క రోజుల కోర్సు

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి తెలియనిదంటూ ఉండదని మా అమలాపురం చుట్టుపక్కలంతా నమ్మిన కాలం ఒకటుండేది. ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. బీకాం పాసై ఇంట్లో ఖాళీగా ఎందుకని నేనూ ఒక సెంటర్లో ఆపరేటరుగా చేరాను. గల్ఫులో ఉన్నవాళ్ళకి ఇంటివాళ్ళు చెప్పిన కబుర్లు ఈమెయిల్ కొట్టడం, పరీక్షల ఫలితాలు చూసిపెట్టడం, శుభలేఖలు టైపు చేయడం నా పని. అయినా బంధువుల్లో నా హోదా కలెక్టరు కంటే ఒక్క మెట్టు తక్కువ. అందరూ 'కంప్యూటరమ్మాయి' అనేవారు. (ఆ పిలుపుకి ఎంత పొంగిపోయేదాన్నో చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.)

మా మేనమామది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటలో పాము కనిపించినా బెదరని మనిషి, రోజూ పొద్దున్నే వేసుకోవాల్సిన బీపీ మాత్రని చూస్తే చంటిపిల్లాడిలా మొహం తిప్పేసేవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "బతికినన్నాళ్ళూ మింగాలంటన్నారే ఈ బిళ్ళ. దీన్ని మానిపించే ఉపాయం నీ కంప్యూటర్లో లేదేంటే?" అన్నాడు. లేదనడానికి నా హోదా ఒప్పుకుంటుందా? మర్నాడే వెతికాను. మాత్రలతో పని లేకుండా ఇరవై ఒక్క రోజుల్లో బీపీ పూర్తిగా పోతుందని ఒక పేజీ వచ్చింది. మాత్రలు ఆపేయాలట, పొద్దున్నే వెల్లుల్లి నానబెట్టిన నిమ్మరసం తాగాలట. దాన్నంతా తెలుగులోకి మార్చి, శుభలేఖలకి వేసే పూల అంచు వేసి, కింద 'కూర్పు' అని నా పేరు కూడా పెట్టుకుని ప్రింటు తీశాను. ఆ పేజీలో రాత ఆఖర్న చిన్న అక్షరాల్లో, మందులు మానేముందు ఫిజిషియన్ని అడగండి అని ఒక వాక్యం ఉంది. దానికి కాగితంలో చోటు చాల్లేదు. పైగా రక్తపోటుకీ ఫిజిక్సుకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. తీసేశాను.

ఆ సాయంత్రమే కాగితం మావయ్య చేతిలో పెట్టాను. వారం తిరిగింది. రిటైరైన ఫిజిక్సు మేస్టారొకరు మనవడి మార్కులు చూపించుకోడానికి మా సెంటరుకి వచ్చారు. ఆయన్ని చూడగానే ఆ వాక్యం గుర్తొచ్చింది. "మేస్టారండీ, బీపీ మాత్రలు మానాలంటే మీలాంటి వాళ్ళని అడగాలటండి, ఎందుకండీ?" అన్నాను నవ్వుతూ. సంగతంతా విని ఆయన నవ్వలేదు.

"ఫిజిషియన్ అంటే డాక్టరమ్మా. ఏదీ, ఆ పేజీ తియ్యి."

తీశాను. నెట్టు నెమ్మదికి ఒక్కో గీతే దిగుతున్న ఆ తెర ముందు మేస్టారు కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నారు. "ఇది రాసిందెవరు?" అన్నారు. 'ఒక శ్రేయోభిలాషి' అని తప్ప పేరు లేదు. "ఎప్పుడు రాసేడు?" తేదీ లేదు. "ఇంకా కిందికి దింపు." అట్టడుగున ఒక చూర్ణం డబ్బా బొమ్మ, పక్కనే దాని ధర. "అదీ సంగతి. ఇతను డబ్బాలమ్ముకునేవాడమ్మా. మీ మావయ్యగారు మాత్రలు ఆపేసేరా?"

వెంటనే మావయ్య ఇంటికి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు. ఓనరుకి చెప్పీచెప్పకుండా బస్సెక్కాను. బస్సు ఆగిన ప్రతి చోటా డ్రైవరు మీద అరవాలనిపించింది. (అరవలేదు. ఏమని అరుస్తాను, మా మావయ్యని నేనే చంపుకున్నాననా?)

వీధి గుమ్మంలోనే అత్త కనిపించింది. "సమయానికి వచ్చేవే. పొద్దుట్నించీ తల పగిలిపోతందంటన్నారు. ఆ కళ్ళు చూడు, ఎలా ఎర్రబడ్డాయో."

మావయ్య తలకి తువ్వాలు బిగించుకుని మంచం మీద ఉన్నాడు. "మావయ్యా, ఆ కాగితం తప్పు. మాత్ర వేసుకో, డాక్టరుగారి దగ్గరికి పోదాం" అన్నాను.

"కంప్యూటర్ కాగితం తప్పెలా అవుద్దే? ఇరవై ఒక్క రోజులన్నావు. ఇంకా పద్నాలుగు రోజులుంది."

"నేను సగమే రాశాను మావయ్యా. డాక్టర్ని అడగమన్న ముక్క నేనే తీసేశాను." ఆ మాట అనేసరికి ఏడుపొచ్చేసింది. మావయ్య నా మొహంలోకి చూసి, లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

అంబాజీపేటలో డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు. దింపారు. మళ్ళీ కొట్టారు. "ఎందుకు మానేసేరండీ?" అని ఆయన అడిగితే, మావయ్య నొప్పిలోనే ఛాతీ కాస్త విరుచుకుని, జేబులోంచి పూల అంచు కాగితం తీసి ఇచ్చాడు. డాక్టరుగారు చదివి, "కూర్పు ఎవరండీ?" అన్నారు.

"నేనేనండి" అన్నాను.

తిడతారనుకున్నాను. "చాలా పెరిగిపోయింది. మాత్ర ఇస్తన్నాను. గంటాగి చూసి, తగ్గకపోతే కాకినాడ పంపిద్దాం" అని మాత్రం అన్నారు. ఆ గంటా బల్ల మీద అత్త పక్కన కూర్చున్నాను. అత్త నా చెయ్యి పట్టుకునే ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. గంట తర్వాత మూడోసారి పట్టీ చుట్టారు. "ఆయ్, దిగుతోందండి" అన్నారు డాక్టరుగారు. అత్త కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. నేను బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను.

మావయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు, రోజూ మాత్ర వేసుకుంటూనే బతికాడు. నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. సరికదా, ఎవరు ఏ కషాయం చెప్పినా ముందు నాకే ఫోన్ చేసేవాడు. "ఇదేదో మోకాళ్ళకి మంచిదంటన్నారే. నువ్వోసారి చూసి చెప్పు. రాసిందెవరో కూడా చూడు." అంత నష్టం చేసిన మేనకోడలి మీద అంత నమ్మకం ఎలా మిగిలిందో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. బహుశా ఆ రోజు తన మంచం దగ్గరికి నేను పరిగెత్తుకొచ్చిన తీరు చూశాడేమో. దువ్వుకోని జుట్టుతో, చేతిలో చిల్లర కూడా చూసుకోకుండా బస్సెక్కేసిన ఆ తెలివితక్కువ పిల్ల మీద నాకూ ఇప్పుడు కోపం రాదు. ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని, ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత కాస్త నవ్వుకోవాలని ఉంటుంది.