భుజం దాకా వచ్చిన చెయ్యి

రావులపాలెం అరటి మార్కెట్లో మా నాన్న గెలలు మోశాడు. ఆయన మొయ్యలేని రోజు వచ్చాక ముఠాలో ఆయన చోటు నాకొచ్చింది. ముఠా అంటే మా కూలీల జట్టు. అందులో చోటు ఇంటి స్థలం లాంటిది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, బయటివాళ్ళకి ఊరికే దొరకదు. ఇంటర్ తప్పి వారపత్రికలు చదువుకుంటూ కూర్చున్న నన్ను చూసి, "చదివింది చాల్లే, రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు ముఠా మేస్త్రి. ఇష్టం లేకుండానే వెళ్ళాను. కొన్నాళ్ళకి గెల భుజాన పడితే తప్ప తెల్లారినట్టు ఉండేది కాదు.

మా పనిలో మోయడం సగం, అందించడం సగం. లారీలో కింది వరసలు నిండాక, కింద నిలబడి గెలని తలకన్నా పైకి ఎత్తి, పైనున్నవాడి చేతికి అందించాలి. అది రెండు చేతులూ సాంతం పైకి లేచేవాడి పని.

ఆ ఏడు వేసవి చివర గాలివానకి గోదావరి లంకల్లో తోటలు పడిపోయి, సరుకంతా ఒక్కసారి మార్కెట్ మీద పడింది. లారీలోకి ఎక్కే బల్ల తడిసి, అరటి జిగురు పట్టి ఉంది. గెలతో సహా జారాను. గెల ఒక పక్కన, నేను నా కుడి భుజం మీద. సరుకు కొన్న షావుకారు పరిగెత్తుకొచ్చి ముందు గెల వైపు చూశాడు. ఆ చూపుని నేను ఇప్పటికీ క్షమించలేదు.

డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చిట్లింది, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. చెయ్యి మెడకి వేలాడేలా పట్టీ వేసి, మూడు వారాలు పోయాక ఫిజియోథెరపీ మొదలుపెట్టమన్నాడు. నేను బుద్ధిగా తలూపాను.

మా ముఠాలో దెబ్బ తగిలి పడుకున్నవాడి వాటా ఆపరు. రోజూ ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోతే బాగుండేది. పట్టీ వదులైందేమో చూసేవారు, బిగించేవారు. మూడు వారాలు కాగానే ఫిజియోథెరపీకి బయల్దేరబోతే మేస్త్రి గుమ్మంలోనే ఆపేశాడు.

"ఎక్కడికిరా? గెలేసిన చెట్టుకి గెడ కట్టాక ఎవడన్నా ఊపుతాడేంటి? ఊపితే వేరు కదిలిపోద్ది. చెయ్యీ అంతే."

గెల బరువుకి వాలిపోకుండా అరటి చెట్టుకి వెదురు గెడ దన్నుగా కడతారు. కట్టాక దాని జోలికి ఎవరూ వెళ్ళరు. అరటి తోటల్లో పుట్టి పెరిగిన మాకు అంతకన్నా పెద్ద వైద్యశాస్త్రం ఏముంది? మేస్త్రి మా ఆవిడని పాత చీర అడిగి, నిలువునా చింపి, నా చేతిని ఛాతీకి చుట్టి కట్టేశాడు. ఎంత ప్రేమగా కట్టాడంటే, వేళ్ళు తప్ప ఏమీ కదిలేవి కావు. వాటిని కదిపినా మా ఆవిడ అరిచేది. ఆషాఢం అలా పోయింది, శ్రావణమూ పోయింది.

ముఠా నాకిచ్చిన గడువు కార్తీకమాసం. ఆ నెల గుళ్ళకీ, నోములకీ, అయ్యప్ప పూజలకీ అరటిపళ్ళు ఎన్నున్నా చాలవు. ఒక మనిషి తక్కువైతే మిగిలినవాళ్ళ నడుములు పడిపోతాయి. అప్పటికి నేను వచ్చి పని అందుకోవాలి, లేదా చోటు వదులుకోవాలి. కొడుకుంటే వాడికి ఇచ్చేవాణ్ణి. నాకు ఒక్కతే కూతురు.

చివరికి నొప్పి తగ్గినా చెయ్యి రాకపోవడంతో భయపడి ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఆ గది మందుల షాపు పైన, నిటారు మెట్లెక్కి వెళ్ళాలి. కాళ్ళు విరిగినవాళ్ళ కోసం మేడ మీద గది చూసినవాడి తెలివికి దణ్ణం పెట్టాలి. లోపల మా చెల్లెలి వయసు అమ్మాయి ఉంది. చీర ముక్క విప్పించి, అద్దం ముందు నిలబెట్టి చెయ్యి పైకెత్తమంది. ఎత్తాననే అనుకున్నాను. అద్దంలో చూస్తే భుజం చెవి దాకా లేచింది, చెయ్యి మాత్రం డొక్కని అంటుకునే ఉంది.

"ఎముక బానే అతికిందండి. కీలు బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళు ఎందుకు కట్టేసుకున్నారండి?"

"కదిపితే అతకదన్నారండి."

"ఎవరన్నారండి?"

నా ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్న మనుషుల మీద చాడీలు ఎలా చెప్పను?

ఆ రోజు నుంచి నరకమే. కప్పీ మీద తాడు వేసి ఎడం చేత్తో కుడి చేతిని లాగించేది. గోడకి గాట్లు పెట్టిన చెక్క ఉంటే, దాని మీద వేళ్ళని ఒక్కో గాటూ ఎక్కించమనేది. ఆఖర్న బల్ల మీద పడుకోబెట్టి, తనే నా చెయ్యి పట్టుకుని వెనక్కి వంచేది. లోపల ఏదో పచ్చిది చిరుగుతున్నట్టుండేది. ఒకసారి నోటికొచ్చిన బూతు తిట్టాను. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు.

"తిట్టుకోండి, పర్లేదండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి."

ఇంట్లో మా ఆవిడ దూలానికి తాడు కట్టింది. అన్నం ఉడికే లోపల, బట్టలు ఆరే లోపల నా చేత లాగించేది. నేను విసుక్కుంటే ఏడ్చేది, ఏడుస్తూనే లాగించేది.

దసరా నాటికి చెయ్యి భుజం ఎత్తుకి వచ్చింది. అక్కడ ఆగింది. ఎంత లాగినా, ఎంత ఏడ్చినా ఆ పైకి రాలేదు.

ఆ అమ్మాయికి మాత్రం సంతోషం. "చూశారా, ఇప్పుడు చొక్కా మీరే వేసుకోవచ్చండి. అన్నం మీరే కలుపుకోవచ్చు."

"పైకి ఎప్పుడొస్తుందమ్మా?"

నా చెయ్యి నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "ఆలస్యంగా వచ్చారు కదండి. ఏడాది పట్టొచ్చు. మొత్తం వస్తుందని మాటివ్వలేనండి."

మెట్లు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. కాకినాడ బస్సులు, ఏలూరు బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చొక్కా వేసుకోవడం కోసమా ఇంత నొప్పి భరించింది? బతుకు మీద అసహ్యం వేసింది. ఏ బస్సు కిందైనా పడదామా అని కూడా అనిపించింది. కూతురు గుర్తొచ్చి ఇంటికి నడిచాను.

దీపావళి వెళ్ళి కార్తీకం వచ్చింది. మార్కెట్‌కి వెళ్ళాను. మావాళ్ళు నా కోసం ఒక బక్క చక్రకేళి గెల ఏరి పక్కన పెట్టారు. ఎడం భుజం మీద మోసుకుని లారీ దగ్గరకి బానే వెళ్ళాను. రెండు చేతులతో ఎత్తాను. కుడి చెయ్యి తన ఎత్తు దగ్గర ఆగిపోయింది. అప్పుడు లారీ మీదున్న మేస్త్రి, ఆ వయసులో, గెలల అంచున బోర్లా పడుకుని, చేతులు కిందకి చాపి, నా గెల అందుకున్నాడు.

"అందించేశాడ్రా!" అని కేక పెట్టాడు. అందరూ అవునన్నారు.

రెండో గెలకీ బోర్లా పడుకున్నాడు. మూడో గెల తెచ్చేసరికి నా వెనక వరస నిలిచిపోయింది. భుజాల మీద బరువులతో నిలబడిపోయారు. అరుపులు, బూతులు లేకుండా ఒక్క క్షణం గడవని ఆ మార్కెట్లో, నన్ను ఒక్కడూ తొందరపెట్టలేదు. మేస్త్రికి ఆయాసం వస్తోంది. నా చేతిని కట్టేసింది ఆయనే. ఆ సంగతి ఆయనకీ తెలిసిపోయిందని ఆ ముఖం చూస్తే అర్థమైంది. మూడో గెల నేల మీదే దించేశాను.

"చోటు ఎవరికన్నా ఇచ్చెయ్యండి మేస్త్రిగారూ" అన్నాను.

వద్దని ఎవరూ అనలేదు. అంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

మాలో చోటు మారేటప్పుడు పాతవాడు తన భుజం మీది గోనెపట్టాని కొత్తవాడి భుజాన కుడి చేత్తో వెయ్యాలి. ఎడం చేత్తో వేస్తే కీడు. మర్నాడు కొత్త మనిషి వచ్చాడు, ఆలమూరు వైపు అతను, నాకన్నా బాగా పొడుగు. పట్టా పట్టుకుని చెయ్యి లేపాను. అతని భుజం దాకా రాలేదు.

"పర్లేదండి బాబాయ్" అని అతను మోకాళ్ళు వంచి కిందకి కూర్చున్నట్టుగా వంగాడు. వేశాను. అందరి ముందూ ఏడ్చాను.

అతను లేచి పట్టా సర్దుకుని వరసలో కలిసిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. వెనక నుంచి లారీ వస్తోంది. నేనెవరో తెలియని క్లీనరు తల బయటపెట్టి అరిచాడు.

"పక్కకి జరగండి, పనివాళ్ళకి అడ్డం!"

జరిగాను.