ముగ్గుల పోటీలో నా కంప్యూటరు తీర్పు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కంప్యూటరుకు పక్షపాతం ఉండదనీ, దాన్ని నడిపే నేను పొరబడననీ. రెండో నమ్మకం ఒక ఉగాది నాడు, భిలాయ్ ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ 2 మైదానంలో, మా తెలుగువాళ్ళందరి ఎదుటా పోయింది. అప్పుడు ఇంజినీరింగు ఆఖరి ఏడు చదువుతున్నాను. మా ముగ్గుల పోటీ ఏటా గొడవతోనే ముగిసేది. మొదటి బహుమతి దగ్గర అమ్మకూ, పక్క క్వార్టరు పిన్నికీ (చుట్టరికం లేదు, మధ్యలో గోడ ఒకటే) పంతం. ఎవరు గెలిచినా వేసవి దాటేదాకా ఇద్దరికీ మాటలుండేవి కావు. అందుకని, ఈసారి నా ప్రాజెక్టు తీర్పు చెబుతుందని ప్రకటించేశాను. ఫొటోలో గీత మీదున్న ఒక్కో చుక్కా (ముగ్గు చుక్క కాదు, పిక్సెల్) దగ్గర్లోని అంచుకు ఎంత దూరమో నా ప్రోగ్రాం లెక్కకట్టేది. గీత నడిమధ్య చుక్క దూరాన్ని రెట్టింపు చేస్తే అక్కడి గీత మందం తెలుస్తుంది. ఆ మందం చివరిదాకా మారకపోతే, వేసిన చెయ్యి నిలకడైనదన్నమాట.

"మొహం సూసి మార్కులెయ్యదు కదేటే?" అంది పిన్ని.

"దానికి మొహాలు తెలీవు పిన్నీ, గీతలే తెలుసు" అన్నాను గొప్పగా.

పక్కనున్న కమ్యూనిటీ హాలు మేడ మీంచి మైదానమంతా ఒక్క ఫొటో తీశాను. ప్రోగ్రాం అందులోని గీతలను విడదీసి లెక్కలు చూసుకుంది. జనమంతా వేదిక ముందు మూగి చూస్తుండగా, అక్కడ కట్టిన తెర మీద మొదటి స్థానం వచ్చింది. బ్యాడ్మింటన్ కోర్టుకు! (ముగ్గుల పక్కనే ఉంది. తాడు పట్టి సున్నంతో గీసిన గీతలు, వెంట్రుకవాసి తేడా లేదు. అదీ ఫొటోలో పడుతుందని నాకు తట్టనే లేదు.)

"పొద్దుట్నించి నడుం ఇరిగేలాగ ఏస్తే, షటిల్ కోర్టుకి ఫస్టేటే!" అంది అమ్మ.

"మరే అక్కా! సుక్కల్లేవు, మెలికల్లేవు, ఏటి సూసిందట?" అంది పిన్ని.

ఆ ఇద్దరూ ఒకే పక్షాన నిలబడడం అదే మొదలు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అమ్మకు నవ్వొచ్చింది. పిన్ని ఆవిడ భుజం మీద వాలిపోయి నవ్వింది. ఇక మైదానమంతా అందుకుంది. నేను ల్యాప్‌టాప్ మూత వెనక దాక్కున్నాను. నాన్న మైకు లాక్కుని, "తీర్పంటే తీర్పే" అని, కోర్టు గీతలు గీసిన, మైదానం కాపలా కాసే చౌకీదారు భయ్యాను వేదిక మీదకు పిలిచారు. "మైం? రంగోలీ మేఁ?" (నేనా? ముగ్గుల్లోనా?) అంటూ ఆయన వెనక్కి చూసుకుంటూనే వచ్చాడు. అమ్మా పిన్నీ కలిసి మొదటి బహుమతి స్టీలు క్యారియరు ఆయన చేతిలో పెట్టారు.

ఇప్పుడు నా ఉద్యోగం ఉక్కు పలకల ఫొటోల్లో పగుళ్ళు కొలవడం. లెక్క అదే. కాకపోతే, ఫొటోలో ఏమేం పడ్డాయో ముందుగా చూసుకుంటాను. మూత వెనక దాక్కున్న ఆ పిల్లను తలుచుకుంటే ముద్దొస్తుంది. నా ప్రోగ్రాములు పొరబడడం బాగా తగ్గింది. ఎవరినైనా అంతగా నవ్వించడమూ తగ్గింది.