ఇప్పసారా వాసన

ఇప్పపూలు రాలే కాలంలో మాచ్‌ఖండ్ చుట్టూ కొండ ఊళ్లలో సారా కాస్తారు. మా కాలనీ మగాళ్లు డ్యూటీ దిగి అటు వెళ్లొచ్చేవారే. నేను మాత్రం చుక్క ముట్టినవాణ్ని కాదు. ఆ మాట ఎవరు నమ్ముతారు? పవర్‌హౌస్ నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకునేది.

“మళ్లీ తాగేరు. నోరు ఇప్పసారా కంపు కొడతంది.”

“ఒట్టు, తాగనేదే!”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి!”

నాకు ఒళ్లు మండిపోయింది. ఓ రాత్రి అన్నం దగ్గర కూడా అదే మాట అంటే పళ్లెం తోసేసి లేచాను. వారం తిరక్కుండా ఆవిడ విజయనగరం, పుట్టింటికి వెళ్లిపోయింది. తాగుడు మానేదాకా రానని తెగేసి చెప్పింది. మానడానికి తాగితే కదా!

ఆ తర్వాత క్వార్టర్లో నేనొక్కణ్నే. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. ప్యాంటు నడుము దగ్గర వదులైపోతుంటే దిగులుతో చిక్కిపోతున్నాననుకున్నాను. పలకరించే దిక్కు లేక టీవీ వార్తలకు నేనే జవాబులు చెప్పేవాణ్ని. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

ఒక పొద్దున డ్యూటీలో కళ్లు తిరిగి కూలబడ్డాను. కాలనీ డాక్టరు ఒరియా ఆయన. నా మొహం మీదికి వంగి గాలి పీల్చి చూశాడు.

“తాగలేదు సార్,” అన్నాను, అడక్కముందే.

“తెలుసు,” అంటూ వేలు పొడిచి షుగర్ చూశాడు. “షుగర్ ముదిరితే ఊపిరి ఇలాగే మాగిన పండు వాసన వేస్తుంది. ఇంట్లో ఎవరూ పట్టలేదా?”

“మా ఆవిడ పట్టింది సార్. సారా అనుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.”

ఆయన నవ్వలేదు. ఊపిరి, చెమట వాసన చూసి రోగాన్ని ముందే పట్టే యంత్రాలు తయారు చేస్తున్నారట. “మీ ఇంట్లో ఉన్న యంత్రాన్ని మీరు పుట్టింటికి పంపేశారు,” అంటూ జీపు పిలిపించాడు.

కోరాపుట్ ఆసుపత్రిలో సూదుల మీద గండం గడిచింది. కబురు తెలిసి ఆవిడ వచ్చింది. ఏడవలేదు, తప్పయిపోయిందనీ అనలేదు. చేతిలో సంచీ కింద పెట్టకుండానే, “నోరు తెరండి,” అంది. మొహం మొహానికి ఆనేంత దగ్గరగా వంగింది. అన్ని వారాల తర్వాత నా మనిషి ఊపిరి నాకు తగిలింది.

“ఇప్పుడేటీ నేదు,” అంది.

ఆవిడ కోసం ఎన్ని తిట్లు దాచుకున్నానో! ఒక్కటీ గుర్తురాలేదు.

“ఇంకోపాలి సూడు,” అన్నాను.