సగం పీబెర్రీ, సగం ప్లాంటేషన్

మొన్న భూపాలపల్లి నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసి, "చిన్నమ్మా, మంచి కాఫీ పొడి ఏడ దొరుకుతది? జర చెప్పు" అంది. ఈ ఒక్క విషయంలో నన్ను అడగడమే ఆలస్యం. ఇక్కడ జనగామ బజారులో గింజలు మన ముందే వేయించి ఆడించే కొట్టు గుర్తులు చెప్పాను. గింజల్లో సగం పీబెర్రీ, సగం ప్లాంటేషన్, చిక్కదనానికి కలిపే చికోరీ వద్దే వద్దు, పదిహేను రోజులకు సరిపడేదానికి మించి కొనకు అన్నాను. "గివన్నీ నీకెవలు నేర్పిండ్రు?" అని అడిగింది. ఎవరో ఒకావిడలే అని మాట మార్చేశాను.

ఆ ఒకావిడ, ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో మహబూబాబాద్‌లో, అదే మా నోట మానుకోటలో, నాతో ఒకే గదిలో ఉన్న టీచరు. ఇద్దరిదీ ఒకే ప్రైవేటు బడి. నాకంటే పదేళ్లు పెద్ద, కోస్తా మనిషి. బడి మూసేశారు, రైళ్లు ఆగిపోయాయి, ఆవిడకు ఊరు వెళ్లే దారి లేదు. మా ఊరు కురవి పక్కనే ఉన్నా, ఆవిడను ఒక్కదాన్నే వదిలి పోలేక నేనూ అక్కడే ఇరుక్కుపోయాను. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, దాని కిందే దీక్షా శిబిరం. పొద్దున్నుంచీ డప్పు, పాటలు. ఆవిడ కిటికీ రెక్కలు బిగించి, "నేను నోరు తెరిస్తే ఎక్కడిదాన్నో తెలిసిపోదూ" అనేది. పాలవాడితో కూడా నేనే మాట్లాడాలి. బడిలో చేరిన కొత్తలో నా యాసలోని 'గిట్ల' విని పడీపడీ నవ్విన మనిషి, ఇప్పుడు తెలిసొచ్చింది కదా అని నేను లోలోపల సంతోషించిన మాట నిజం. పైకి మాత్రం అయ్యో పాపం అనేదాన్ని.

ఇంతలో ఆవిడ ఊరి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి అయిపోయింది. నేను టీ మనిషిని, స్టేషన్ దగ్గరి కొట్టులో ఏదో ఒక పొడి పట్టించుకొచ్చాను. ఆవిడ ఒక్క గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు బ్యాగులో బట్టలు సర్దుతూ, ఉద్యోగం వద్దు ఏమీ వద్దు, పట్టాల వెంట నడిచైనా వెళ్లిపోతానంది. భయమేసి మళ్లీ కొట్టుకు పరిగెత్తాను. ఈసారి కొట్టు ముసలాయన గింజలు తూచనే లేదు. "తాగేటోళ్లు వాసన చూసి చెప్పాలె బిడ్డా. ఆమెను తోల్కరా" అన్నాడు.

బతిమాలి బయలుదేరదీశాను. కొంగు తల మీదుగా కప్పుకుని శిబిరం ముందు నుంచి గబగబా నడిచింది. కొట్టులో గింజల డబ్బాలు వేలితో చూపించింది. "వేలు చూపిస్తే ఎంత వేగాల్నో నాకేం తెలుస్తది? నోటితోని చెప్పమ్మా" అన్నాడాయన. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సగం పీబెర్రీ, సగం ప్లాంటేషన్ వెయ్యండి. మరీ నల్లగా వేయించకండి. చికోరీ వద్దండీ."

పక్కన టీ తాగుతున్న శిబిరం వాళ్లు ఇటు తిరిగారు. వాళ్లలో ఒకాయన గ్లాసు దించి, "చికోరీ లేకుంటే చిక్కగ ఎట్లొస్తది అక్కా?" అన్నాడు.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. డికాక్షన్ ఎలా దించాలో పావుగంట చెప్పింది, వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం కిటికీ తెరుచుకుని కాఫీ తాగింది. నాకూ ఒక గ్లాసు చేతికిచ్చింది. నా అలవాటు ఆ గ్లాసుతోనే మొదలైంది. రైళ్లు నడిచాక కూడా ఆవిడ బ్యాగు సర్దలేదు, ఇంకో రెండేళ్లు అక్కడే పాఠాలు చెప్పింది.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుంటాం. ఆ మూసిన కిటికీని చూసి నేను సంతోషించానని మాత్రం ఇంతవరకు చెప్పలేకపోయాను. కాఫీ పొడి పదిహేను రోజులు దాటితే వాసన పోతుందని ఊరందరికీ చెబుతుంటాను. నా ఆ సంతోషం తాలూకు చేదు మాత్రం ఇన్నేళ్లయినా కొంచెం కూడా పోలేదు.