తినేసిన ఆధారం

తొమ్మిదేళ్లు ఒక ఊరి బోరింగును కాపాడిన హనుమక్కకు, సేవ చేసినట్టు కాగితం లేదని శాలువా కప్పకుండా పంపించేశారు. అదే వేదిక మీద, తన ఇంటి ముందర ఒక్క నీళ్లతొట్టి కట్టించి దానికి తన పేరు చెక్కిన రాయి తాపించుకున్న పెద్దమనిషికి కప్పారు. రాయి ఉంది కనుక ఆయనది సేవ. ఇది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

1984లో నన్ను కన్నడ సీమలోని పావగడ తాలూకాకు బోరింగు మెకానిక్కుగా వేశారు. మా కొలువులో కింద హెల్పరు, పైన మెకానిక్కు, ఆ పైన జూనియర్ ఇంజనీరు. ఆయన పైన ఎవరున్నారో సంతకాల్లో తప్ప నేను చూడలేదు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కన్నడం స్పేరుపార్టుల పెట్టెల మీద, తెలుగు గోడల మీద, ఇంగ్లీషు అంకెలు పంపుల నంబర్ల మీద నేర్చుకున్నాను. అర్జీ రాయడం మాత్రం కోపం నేర్పింది.

వానలు మొహం చాటేసిన ఏళ్లవి. పాత కోట ఉన్న నిడుగల్లు కొండ కింద గొర్రెలవాళ్ల హట్టి ఒకటి ఉంది, నలభై గడపలు. ఊరంతటికీ ఒకటే బోరింగు. అది ఆగితే రెండు మైళ్ల అవతలి తోటబావికి బిందెలతో నడవాలి. హనుమక్క అక్కడి మనిషి. అరవై దాటింది, గొర్రెలను కొడుకులకు పంచేసింది. పంపు పెట్టిన రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే దాని బాధ్యత నెత్తికెత్తుకుంది. చైనుకు గ్రీజు పూసేది. పిడిని అడ్డదిడ్డంగా కొట్టేవాళ్లను వాళ్ల తాతల పేర్లతో సహా తిట్టేది. తెల్లవారి మొదటి బిందె తానే పట్టి, ఎన్నో కొట్టుకు నీళ్లు వచ్చాయో లెక్కపెట్టేది. పిడిని ఒకసారి పైకెత్తి కిందికి నొక్కితే ఒక కొట్టు.

మా విద్య అంతా ఆ లెక్కలోనే ఉంది. రాత్రంతా ఆగిన పంపు, బాగుంటే ఏడెనిమిది సార్లు కొట్టగానే నీళ్లిస్తుంది. ఇరవై దాటితే లోపలి తోలు వాషర్లు అరిగినట్టు. నలభై దాటితే పైపుకు ఎక్కడో చిల్లి పడినట్టు. వాషర్లు సంచిలో పడతాయి. కొత్త పైపులు కావాలంటే స్టోరులో ఇండెంటు పెట్టాలి, ఇండెంటు మీద జూనియర్ ఇంజనీరు సంతకం పడాలి. కనుక ఊరి నుంచి కబురు అంటే మాకు కావలసింది ఒక అంకె.

హనుమక్కకు చదువు రాదు. నోటిమాటగా చెబితే బస్సు కండక్టరు నాగరాజు పావగడ చేరేలోపు మరిచిపోయేవాడు. అందుకని కొట్టుకు ఒక వేరుశనగ కాయ చొప్పున గుడ్డలో మూటగట్టి అతని చేతికిచ్చేది. మూట నాకు చేరేది. నేను లెక్కపెట్టేవాణ్ణి, సామాను సర్దుకునేవాణ్ణి, దారిలో కాయలు తినేవాణ్ణి. తొమ్మిదేళ్లు ఇదే పద్ధతి.

ఒకసారి మూటలో ఇరవై ఆరు వచ్చాయి. వాషర్లు తీసుకుపోయి, పైపులన్నీ పైకి లాగి చూస్తే చిల్లి! చేతిలో కొత్త పైపు లేదు. హనుమక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నలభై నాలుగు పంపిస్తి కదప్పా! తక్కిన పద్దెనిమిదీ యాడ పోయినాయి?"

మరుసటి రోజు నాగరాజును పట్టుకున్నాను. "దారిలో బస్సు చెడిపోయినాదన్నా. రెండు గంటలు ఎండలో కూచుంటిమి. నేనొక్కన్నే కాదు, డ్రైవరు కూడా తిన్నాడు" అన్నాడు, పెద్ద న్యాయం చెప్పినట్టు. అప్పటి నుంచి ఆమె మూట మూతిని సూదీదారంతో కుట్టి పంపేది.

1993లో పట్టణంలోని సన్మాన సమితి, ఊళ్లలో ఫలితం ఆశించకుండా సేవ చేసే పెద్దవయసు వాళ్లకు శాలువాలు కప్పుతామంటే, ఆమె పేరు నేనే ఇచ్చాను. "ఖాయం అవ్వా" అని కూడా నోరు జారాను. ఆమె తలంటుకుని, చేతుల నిండా కొత్త గాజులు వేయించుకుని, పదకొండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని బస్సు దిగింది. అందరి పేర్లూ పిలిచారు, ఆమెది తప్ప. సమితి కార్యదర్శి రిటైరైన హెడ్మాష్టరు. నన్ను పక్కకు పిలిచి, ఈమె సేవకు రాతపూర్వకమైన ఆధారం లేదని చెప్పాడు.

ఆమెను దిగబెట్టడానికి నేనూ తిరుగు బస్సెక్కాను. బస్సు కదలగానే నన్ను నిలదీసింది.

"నా కాయలు చూపీకపోతివా వాళ్లకి?"

"లేవవ్వా."

"యాడ పోయినాయి?"

"తినేసినా."

"తొమ్మిదేండ్లవీ?"

"తొమ్మిదేండ్లవీ."

బస్సంతా విరగబడి నవ్వింది. నాగరాజు నవ్వి నవ్వి టిక్కెట్లు కొట్టడం మరిచాడు. హనుమక్క మాత్రం నవ్వలేదు.

"నాకెందుకులెప్పా శాలువా అనే మనిషిని కాదు నేను. నాకు కావాల. ఎట్ల తెస్తావో తే. అందాక కాయలు లేవు, గీయలు లేవు."

అన్నంత పనీ చేసింది. రెండు నెలలు మూట రాలేదు. పంపు ఎట్లుందో తెలియక నాకు అన్నం సయించలేదు. సమితికి మూడు అర్జీలు రాశాను, జవాబు లేదు. నాలుగోది రాసే ముందు హట్టికి పోయి ఆమెను బతిమాలాను: ఒక్క మూట, కుట్టి, నాకు కాదు, సమితికి; సోమవారం వాళ్లనే పిలిచి పంపు కొట్టిస్తానన్నాను. పంపు అప్పటికే మొరాయిస్తోంది. నేను పానా తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్లు వచ్చి కొట్టిందాకా ముట్టుకోవద్దు. సోమవారం దాకా మేమే కొట్టుకుంటాంలే, చేతులేం అరిగిపోవు."

నాలుగో అర్జీలో ఇలా రాశాను: "ఈ మూటలో ఎన్ని కాయలున్నాయో నాకు తెలియదు. తమరే లెక్కపెట్టుకోండి. సోమవారం తెల్లవారి, మొదటి బిందెకు ముందే వచ్చి పంపు కొట్టండి. రెండు లెక్కలూ ఒకటి కాకపోతే ఈ తాలూకాలో మళ్లీ అర్జీ రాయను."

వచ్చారు. కార్యదర్శి, ఇద్దరు సభ్యులు, అద్దె జీపులో. హెడ్మాష్టరు పంచె ఎగగట్టి పిడి పట్టుకున్నాడు. హట్టి మొత్తం చుట్టూ చేరి గొంతెత్తి లెక్కపెట్టింది. పదికి ఈలలు, ఇరవైకి చప్పట్లు. ఇరవై అయిదుకు ఆయన ఆయాసంతో పక్కకు తప్పుకుంటే ఒక సభ్యుడు అందుకున్నాడు. "గట్టిగా కొట్టు సార్, పాఠం చెప్పినంత సులువనుకుంటివా?" అని వెనక నుంచి ఒకామె కేక. ముప్పై. ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. ముప్పై ఎనిమిదికి నీళ్లు బుస్సున దూకి సభ్యుడి కొత్త చెప్పులు తడిపాయి.

"ముప్పై ఎనిమిదే నేను కట్టింది" అంది హనుమక్క.

నేను కార్యదర్శి ముఖం చూశాను. సంతోషం లేదు, కోపమూ లేదు. దొరికిపోయిన దొంగ ముఖం. సభ్యులిద్దరూ కొండ మీది కోటను అప్పుడే కొత్తగా కట్టినట్టు చూస్తున్నారు. మూటలో ఎన్ని ఉన్నాయని అడిగితే, కార్యదర్శి జవాబు పోస్టులో వస్తుందని జీపెక్కేశాడు. హట్టిలో తిరునాళ్ల సంబరం, నాకు మాత్రం లోపల గుబులు. కుట్టిన మూటలో కాయలు ఎట్లా తగ్గుతాయి? ఆ పూటే వాషర్లు మార్చి, పదిహేను రోజులు పోస్టుమాన్ కోసం ఎదురు చూశాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. ఫలితం ఆశించకుండా పనిచేసేవాళ్లు కాగితాలు దాచుకోరు. దాచవలసింది ఆ పని వల్ల తన పని సులువైనవాడు. నాకు ఆ బుద్ధి తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. మూటల పద్ధతి పక్క ఊళ్లకూ పాకింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఏ ఊరి మూట వచ్చినా పంపినవాళ్ల పేరు, తేదీ, అంకె ముందు రిజిస్టరులో ఎక్కించాను. ఆ తర్వాతే తిన్నాను.

సమితి జవాబు కన్నడంలో వచ్చింది. తెలుగు నాది, మాటలు వాళ్లవి:

"అయ్యా, తమరు పంపిన మూటను సమితి సభ్యులు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు లెక్కించడమైనది. మొదటి లెక్కలో ముప్పై ఎనిమిది, రెండవ లెక్కలో ముప్పై ఒకటి, మూడవ లెక్కలో పంతొమ్మిది కాయలు తేలినవి. పంపు ముప్పై ఎనిమిదవ కొట్టుకు నీళ్లిచ్చినందున మొదటి లెక్కయే సరియైనదని సమితి నిర్ణయించినది. శ్రీమతి హనుమక్క గారికి వచ్చే శుక్రవారము ఆ బోరింగు వద్దనే శాలువా కప్పుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. ఫైలులో ఉంచుటకు ప్రస్తుతము ఆధారమేదియు మిగలలేదు గనుక, దయచేసి మరొక మూట పంపవలసినదిగా కోరుచున్నాము."