మీరు అడిగిందే ఇచ్చాను

ఇది నేను ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకొని మోస్తున్న బరువు. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా. ఎండాకాలం వస్తే నాకు అన్నం సయించదనీ, షాపు ముందు ఏదైనా కారు ముందు చక్రం దగ్గర టకటకమంటూ వచ్చి ఆగితే చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్ళిపోతాననీ, ఆమెకు తెలిసింది అంతే. బీపీ అనుకుంటుంది. మాత్ర వేసుకోమని గుర్తుచేస్తుంది. వేసుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఊళ్ళు మార్చలేదు, మనుషుల పేర్లు మార్చాను. నా పేరు మాత్రం రాయను. ధైర్యం లేకే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది, లేకపోతే చివరికి నేనేదో గొప్ప నిజాయితీపరుడినని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

ఆత్మకూరులో మాకు కారు సామాన్ల షాపు ఉంది. మా నాయన పెట్టిపోయింది. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది, కార్లు నడిపేవాళ్ళలో చాలామందికి అది తెలియదు. బండి గ్యారేజీకి వస్తే కావలసిన సామాను మామూలుగా మెకానిక్కే మా దగ్గర తీసుకుంటాడు. అందులో అతనికి కొంత వాటా ఉంటుంది. ఆ సామానుకు పూచీ కూడా అతనిదే. ఇంతవరకూ తప్పేమీ లేదు. కానీ కొందరుంటారు, మెకానిక్కును నమ్మరు. సామాను మేం కొని తెస్తాం, నువ్వు బిగించు చాలు అంటారు. అలాంటి మనిషి మా షాపుకు బయలుదేరగానే గ్యారేజీ నుంచి నాకు ఫోన్ వస్తుంది. ఫలానా ఆయన వస్తున్నాడు, సొంతంగా కొంటాడట, చూసుకో. అంతే. అంతకుమించి చెప్పనక్కర్లేదు. వచ్చినవాడికి నేను నకిలీది ఇవ్వాలి. అది కొన్నాళ్ళకు చెడిపోవాలి. నాకు వదిలేసి ఉంటే ఇలా అయ్యేదా అని మెకానిక్ అనాలి. ఇక జన్మలో ఆ మనిషి సొంతంగా సామాను కొనడు.

దీన్ని మేము మోసం అనుకోలేదు. బుద్ధి చెప్పడం అనుకున్నాం. హారన్లు, అద్దం తుడిచే వైపర్లు, తలుపు పిడులు, ఇలాంటి వాటితోనే చెప్పేవాళ్ళం. ప్రాణం మీదికి వచ్చేవి ఇవ్వకూడదని ఎవరూ నియమం పెట్టలేదు, నాకు నేనే పెట్టుకున్నాను. ఆ నియమం ఉంది కాబట్టి నేను మంచివాణ్ణేనని కూడా అనుకునేవాణ్ణి. నవ్వొస్తోందా? నాకు రాదు.

పెంచలరెడ్డిది ఉదయగిరి పక్కన పల్లె. నిమ్మతోట, కాస్త పొగాకు, ఊళ్ళో మాట చెల్లే కుటుంబం. ఒకసారి ఎక్కడో గ్యారేజీలో పాత సామానుకే రంగు వేసి కొత్తదని బిగించి పంపారట. అప్పటినుంచి ఏది కావాలన్నా తానే కొనేవాడు. ఆయనంత పద్ధతిగా కొనే మనిషిని నేను ఇప్పటికీ చూడలేదు. చెడిపోయినదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి కౌంటర్ మీద పెట్టేవాడు. కొత్తదాన్ని పక్కన పెట్టి పొడవు, మర చుట్లు అన్నీ సరిచూసుకునేవాడు. పెట్టె మీది అచ్చు కళ్ళజోడు పెట్టుకొని మరీ చదివేవాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నా తొందరపడేవాడు కాదు. నాకు ఒళ్ళు మండేది. ఆయన బండి చూసే మాల్యాద్రికి ఇంకా మండేది. మాల్యాద్రి నాతో బడిలో చదువుకున్నవాడు, బస్టాండు వెనక గ్యారేజీ పెట్టుకున్నాడు. పెంచలరెడ్డి పుణ్యాన ఆ బండి మీద వాడికి బిగింపు కూలి తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఒకరోజు పెంచలరెడ్డి నా కౌంటర్ దగ్గరే నిలబడి ఇంకో కస్టమరుతో, అచ్చు చూసి తీసుకోవయ్యా, వీళ్ళను నమ్మబాక అన్నాడు. సరదాకే అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే లోపల ఏదో గట్టిపడింది. అది అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మాల్యాద్రి ఫోన్ చేశాడు. రెడ్డి వస్తున్నాడు, బాల్ జాయింట్ కావాలి, చూసుకో.

బాల్ జాయింట్ అంటే ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే కీలు. అది వదిలేస్తే చక్రం పక్కకు మడత పడిపోతుంది. స్టీరింగు మీ చేతిలో ఉంటుంది గాని బండి మీ చేతిలో ఉండదు. ఈ సంగతి మా షాపులో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మంచిది లేదా అంటే ఉంది. చేతికందే అరలోనే ఉంది. నేను లోపలికి వెళ్ళి రెండోది తెచ్చాను. పెట్టె అదే రంగు, అదే అచ్చు. లోపలి ఇనుమే వేరు. ఆయన ఎప్పటిలాగే పాతదాని పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది. ఖరీదు ఎక్కువైనా పర్వాలేదు, మంచిదేనా, ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కే బండి అన్నాడు. నేను తల ఊపాను. నోటితో ఏమీ అనలేదు. చాలాకాలం దాన్నే పట్టుకొని వేలాడాను, నేను అబద్ధం చెప్పలేదు కదా, తల మాత్రమే ఊపాను కదా అని. మనిషి ఎంత చిన్నదాన్నైనా పట్టుకుంటాడు.

నా నియమం ఏమైంది? అది కూడా అడుగుతారు మీరు. నేను కూడా అడుగుతూనే ఉన్నాను. అలాంటి కీలు ఒక్కసారిగా ఊడదు, ముందు శబ్దం చేస్తుంది, శబ్దం రాగానే ఆయన తిరిగి వస్తాడు, అప్పుడు మంచిది వేద్దాం అనుకున్నాను. అందులో అబద్ధం లేదు. శబ్దం చేస్తుంది. ఎంతకాలం శబ్దం చేసి ఊడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

శబ్దం వచ్చింది. పెంచలరెడ్డి బండి తెచ్చి గ్యారేజీలో చూపించాడు కూడా. మాల్యాద్రి పైపైన చూసి, కొత్త సామాను కదా, సర్దుకునేదాకా అంతేనని చెప్పి పంపేశాడు. తర్వాత నాకు ఫోన్ చేసి నవ్వాడు. మొదలయింది, ఇంకో వారం తిరగనీ అన్నాడు. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేశాను. బయట చూస్తే రోడ్డు మీద తారు కరిగిపోయే ఎండ.

ఆ వారమంతా ఎలా గడిచిందో నాకు బాగా గుర్తుంది. పెంచలరెడ్డి నంబరు నా ఫోన్లో ఉంది. తీసి చూసేవాణ్ణి. ఏమని చెప్పాలి? పొరపాటున వేరేది ఇచ్చాను, తెచ్చేయండి, మారుస్తాను అంటే సరిపోయేది. ఇంత చిన్న అబద్ధం. రోజూ కస్టమర్లకు అంతకన్నా పెద్దవే చెబుతాను. అదొక్కటి చెప్పలేకపోయాను. ఆయన మళ్ళీ నా కౌంటర్ ముందు నిలబడి, చూశారా నేను చెప్పలా అని నలుగురిలో నవ్వుతాడని. నిజంగా అంతే. దానికే.

ఒక మధ్యాహ్నం లారీ డ్రైవర్ ఒకడు హెడ్‌లైటు బల్బు కోసం వచ్చాడు. బద్వేలు వైపు నుంచి వస్తున్నాడు. మర్రిపాడు అవతల కొండల్లో మలుపు దగ్గర కారు లారీ కిందికి పోయిందనీ, ఉదయగిరి వాళ్ళదనీ, ముందు చక్రం పక్కకు విరిగి పడి ఉందనీ చెప్పాడు. పేర్లు అతనికి తెలియవు. నాకు తెలుసు. బల్బు ఇచ్చాను. పనిచేస్తుందో లేదో వెలిగించి కూడా చూపించాను. అతను వెళ్ళాక అతనిచ్చిన డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టాను.

పెంచలరెడ్డి భార్య అక్కడికక్కడే పోయింది. చుట్టాలింటికి శుభకార్యానికని బయలుదేరారట. వెనక కూర్చున్న కూతురికి చెయ్యి విరిగింది. అప్పుడా పిల్ల ఇంటర్ చదువుతోంది. బండి నడుపుతున్న ఆయనకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు.

నుజ్జయిన బండిని మాల్యాద్రి గ్యారేజీకే తెచ్చారు. వాడు ఆ కీలు విప్పి దాచేశాడు. రెడ్డి కొన్న సామాను వేరే మోడల్ బండిదని ఆయనకే చెప్తా, నువ్వు కాదనబాక అన్నాడు నాతో. ఆ మాట వినగానే నాకు కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. రాసేటప్పుడు కూడా చెయ్యి ఆగింది ఇక్కడ, కానీ అనిపించింది అదే.

కర్మలన్నీ అయ్యాక పెంచలరెడ్డి వచ్చాడు. ఆటోలో, కూతురితో. ఆ పిల్ల చేతికి కట్టు ఉంది. మెట్టు దగ్గరే నిలబడిపోయింది. ఆయన కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నన్ను చూశాడు. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"శెట్టీ, నిన్ను అనేదానికి రాలా," అన్నాడు. "మాల్యాద్రి ఏందో చెప్తా ఉండాడు. నేను తీసకపోయింది పాత మోడల్ బండిదంట. నేను ఏది అడిగినానో నాకు గ్యాపకం రావటంల్యా. నువ్వు చెప్పు."

"మీరు అడిగిందే ఇచ్చినాను రెడ్డీ," అన్నాను.

"పాత మోడలే అడిగినానా?"

"అదే అడిగినారు."

"పక్కన పెట్టి చూసుకున్నాను గదా శెట్టీ. సరిపోయినట్టే ఉండెనే."

"చూసేదానికి రెండూ ఒకే మాదిరి ఉంటాయి. నేను మళ్ళీ అడిగినాను గూడా, కొత్త మోడల్ కాదా అని. నాకు తెల్సులేబ్బా, నువ్వు ఇయ్యి అంటిరి."

ఆ చివరి మాట మాల్యాద్రి నేర్పింది కాదు. నా సొంతం. ఎవరూ అడగకుండానే నోట్లోంచి వచ్చింది. ఆయన ఎప్పుడూ అలాగే అంటాడు కాబట్టి నమ్మేలా ఉంటుందని ఆ క్షణంలోనే ఎక్కడో లెక్క వేసుకున్నాను. ఆయన నమ్మాడు. తల ఊపుతూ, "అంటే నా చేతల్లోనే పాయె," అన్నాడు. అంతలో మెట్టు దగ్గరున్న ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. ఆ చూపు నా మీద పడి ఉండాల్సింది. నా వైపు తిరగనే లేదు. ఆయన వెళ్ళి ఆటోలో కూర్చుంటే ఆమె ఎక్కకుండా రోడ్డు దాటి వింజమూరు బస్సు వైపు నడిచింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది వింజమూరు.

మళ్ళీ ఆ ఇంటికి రాలేదట. తండ్రితో మాట్లాడదట. అన్నీ నాకే తెలుసనే పొగరుతో మా అమ్మను చంపాడు అందట. ఈ మాట నాకు చెప్పింది ఎవరో కాదు, పెంచలరెడ్డే. చెప్పి, దాంట్లో తప్పేముంది శెట్టీ, నిజమే గదా అన్నాడు. నేను టీ తెప్పించాను.

ఇప్పుడు ఆయన ఎక్కడికైనా బస్సులోనే తిరుగుతాడు. ఉదయగిరిలో, కలిగిరిలో, పెళ్ళిళ్ళలో, చావుల్లో, కారున్నవాడు కనిపిస్తే చాలు పట్టుకొని చెబుతాడట. సామాను మీరు కొనబాకండి, మనకేం తెలుసు, గ్యారేజీవాళ్ళకు వదిలేయండి, నన్ను చూసి నేర్చుకోండి అని. అక్కడితో ఆగినా బాగుండేది. ఆత్మకూరులో ఫలానా శెట్టి షాపుకు పొండి, ఆయన మళ్ళీ అడిగి మరీ ఇస్తాడు, నేనే వినలేదు అంటాడట. పెంచలరెడ్డి పంపినాడని చెప్పి జనం వస్తారు. షాపు పెరిగింది. పక్క గది కూడా కలుపుకున్నాం. మా నాయన బతికి ఉంటే సంతోషించేవాడు. నేను మాత్రం ఆ పేరు వినపడగానే సామాను తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోతాను.

ఆ తర్వాత నేను నకిలీ సామాను తీసుకురావడం మానేశాను. మాల్యాద్రి కూడా చూసుకో అనడం మానేశాడు. మేమిద్దరం రోజూ కనిపిస్తాం, ఎండల గురించి మాట్లాడుకుంటాం. ఇవన్నీ చెప్పి మీ దగ్గర మార్కులు కొట్టేయాలని కాదు. మానేసినంత మాత్రాన ఎవరు తిరిగి వచ్చారు?

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఆ అమ్మాయి నా షాపుకు వచ్చింది. నెల్లూరులో ఉద్యోగమట. సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కుంది. దారిలో బ్రేకులు సరిగా పడడం లేదని ఇక్కడెవరో మెకానిక్కుకు చూపిస్తే, అతను వెంటబెట్టుకొని వచ్చాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. మెకానిక్ మర్యాద కోసం పెట్టె ఆమె ముందుకు జరిపి, ఒకసారి చూసుకోండి మేడం అన్నాడు.

"నేను చూడనన్నా. మీరు ఏది మంచిదంటే అదే వెయ్యండి," అంది. "మా నాయన మాదిరి అన్నీ నాకే తెలుసనుకోను."

అప్పుడు ముఖంలోకి చూశాను. ఆయన కళ్ళే. ఉదయగిరి దగ్గర పెంచలరెడ్డి కూతురివా అమ్మా అని అడిగాను. ఔనంది. మీరు నాకు తెలుసు అంకుల్, ఇంటర్ చదివేటప్పుడొకసారి వచ్చినాను అంది. నాయన బాగున్నాడా అన్నాను. ఎందుకడిగానో తెలియదు. పోయినవారమే ఆయన నా షాపులో కూర్చొని వెళ్ళాడు.

"తెలీదంకుల్," అంది.

మా ఇద్దరి మధ్య ఒక్క కౌంటర్ అడ్డం. ఒక్క మాట అంటే చాలు, వాళ్ళ నాయన ఈ సాయంత్రం ఒంటరిగా అన్నం తినడు. నోరు తెరిచాను. వేరే ఏమైనా కావాలా అమ్మా అని అడిగాను. వద్దంది. థాంక్సంకుల్ అని కూడా అంది.

అందుకని ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. పెంచలరెడ్డి తప్పు మోడల్ అడగలేదు. సరైనదే అడిగాడు, మంచిదే కావాలన్నాడు, మంచిదాని ఖరీదే ఇచ్చాడు. నేను తెలిసి తెలిసి చెడ్డది ఇచ్చాను. అది చెడిపోతోందని తెలిసి ఊరుకున్నాను. ఒక మనిషి చనిపోయాక ఆ చావును తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఇప్పటికీ భద్రంగా మోస్తున్నాడు.

ఇది వినాల్సిన ఇద్దరూ ఇది చదవకపోవచ్చు. చదవరనే ధైర్యంతోనే రాశానేమో కూడా. షాపు షట్టర్ సగం దించి కూర్చొని రాస్తున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి గుండెల నిండా ఆడుతోంది. వాళ్ళిద్దరికీ ఏమీ మారలేదు, నాకు మాత్రం తేలికగా ఉంది. ఆ తేలికను చూసుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా, తేలికగానే ఉంది.